బడ్జెట్ ఎయిర్‌లైన్ షేరు: ఐదేళ్లు దగ్గర పెట్టుకున్నాక నా రివ్యూ

"ఫ్లైట్లన్నీ ఫుల్లుగా వెళ్తున్నాయి కదా, మరి నీ షేరెందుకు పడుతోంది?" అని 2022లో మా బావ ఫోన్‌లో అడిగిన రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. అప్పటికి ఆ షేరు కొని ఏడాదిన్నర అయింది. రోజూ పొద్దున్న లేవగానే రేటు చూసేదాన్ని, ముడి చమురు మీద ఏ వార్త కనబడినా చదివేదాన్ని, ఆ కంపెనీ కొత్త రూటు ప్రకటిస్తే సంతోషపడేదాన్ని. ఇంత చేసినా ఆ ఒక్క ప్రశ్నకి ఏం చెప్పాలో తెలియలేదు. తర్వాత నేర్చుకున్నదంతా ఇప్పుడు రివ్యూగా రాస్తున్నాను. నేను కొన్నది ఏ కంపెనీ షేరో చెప్పను, ఎందుకంటే నేను చెప్పబోయే మంచీ చెడూ ఆ ఒక్క కంపెనీవి కావు. చవక టికెట్లు అమ్మే ఎయిర్‌లైన్ షేరు అనే సరుకు చిన్న ఇన్వెస్టరు చేతిలో ఎలా ఉంటుందో, అదే నా విషయం.

రేటింగ్ ముందే కావాలంటే, 5కి 2.5. మూడు నెలలకోసారి కూర్చుని రిజల్ట్స్ చదివే ఓపిక ఉన్నవాళ్లకి 3.5 అనుకోవచ్చు. కొని పక్కన పెట్టేసి పదేళ్ల తర్వాత చూద్దాం అనుకునేవాళ్లకి 1 కూడా ఎక్కువే.

బావ ప్రశ్నకి జవాబు ఇవాళైతే ఇలా చెప్తాను. 180 సీట్ల విమానం ఒకటి ఉందనుకో బావా. ఆ ఫ్లైట్ ఖర్చులన్నీ రావాలంటే 82 శాతం సీట్లు నిండాలి అనుకుందాం, అంటే సుమారు 148 మంది. విమానం 87 శాతం నిండింది, అంటే 157 మంది ఎక్కారు. బయటి నుంచి చూసేవాడికి 157 మంది కనబడతారు, కానీ నా షేరుకి పనికొచ్చేది చివరి తొమ్మిది మంది ఇచ్చిన డబ్బే. ఇప్పుడు ఫ్యూయల్ రేటు పెరిగి ఖర్చులు రావడానికే 88 శాతం కావాల్సి వచ్చిందనుకో, అదే 157 మంది, అదే నిండు విమానం, కానీ నష్టం. మనం ఎయిర్‌పోర్టులో క్యూ చూసి కంపెనీ బాగుందనుకుంటాం. ఆ క్యూ ఎంత పొడుగుందన్నది ఒక లెక్క, ఆ క్యూలో ఉన్నవాళ్లు టికెట్‌కి ఎంత కట్టారన్నది వేరే లెక్క.

ఇది ఊహించి చెప్పిన ఉదాహరణే, కానీ అసలు లెక్కలు కూడా దీనికి దూరంగా ఏమీ లేవు. 2025 జూన్‌లో ఎయిర్‌లైన్ల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ వేసిన అంచనా ప్రకారం ఆ ఏడాది ప్రపంచం మొత్తం మీద ఎయిర్‌లైన్లకి ఒక్కో ప్రయాణికుడి మీద మిగిలే నికర లాభం 7.20 డాలర్లు. వందల కిలోమీటర్లు మోసుకెళ్లి, సామాను దింపి, ఎయిర్‌పోర్టు ఫీజులు కట్టి, చివరికి మిగిలేది అంత. ఇంత సన్నటి లాభం ఉన్నచోట ఏ ఖర్చు కాస్త కదిలినా షేరు గట్టిగా కదులుతుంది. ఈ సంగతి తెలిశాక రేటు పడ్డ రోజున నాకు టెన్షన్ తగ్గింది. తగ్గింది అంటున్నాను, పోలేదు.

నేను కొన్నది 2020 నవంబర్‌లో, కోవిడ్ వ్యాక్సిన్ పనిచేస్తోందని మొదటి మంచి వార్త వచ్చిన తర్వాత. ప్రపంచమంతా ఎయిర్‌లైన్ షేర్లు ఒక్కసారిగా ఎగిశాయి, ఇక జనం మళ్లీ తిరుగుతారు, విమానాలు నిండుతాయి అనుకున్నాను. నిజంగానే జనం తిరిగారు, నిజంగానే నిండాయి. కానీ 2022 మార్చిలో, యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ముడి చమురు బ్యారెల్ 130 డాలర్లు దాటింది. ఫ్యూయల్ అంటే ఎయిర్‌లైన్ మొత్తం ఖర్చులో పావు వంతు నుంచి మూడో వంతు దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. నా అంచనా అంతా ప్రయాణికుల మీదే వేశాను, ఖర్చు మీద వేయలేదు. ఈ సరుకులో ఎక్కువమంది చిన్న ఇన్వెస్టర్లు దెబ్బతినేది ఇక్కడే. మనకి కనబడేది డిమాండ్, కాబట్టి డిమాండ్ చూసి కొంటాం.

ఫ్యూయల్ రేటుకి ముందే తాళం వేసుకోవచ్చు కదా, హెడ్జింగ్ ఉంటుంది కదా అని నన్ను చాలామంది అడిగారు. ఉంటుంది. అమెరికాలో సౌత్‌వెస్ట్ దానికి పెట్టింది పేరు, మిగతా ఎయిర్‌లైన్లు ఖరీదైన చమురు కొంటున్న రోజుల్లో అది పాత తక్కువ రేటుకే కొనుక్కుంది. కానీ 2008 చూడండి. జూలైలో చమురు 147 డాలర్లకి వెళ్లింది, డిసెంబర్‌లో 40 కిందికి పడింది. ఆ పడిపోవడం మొదలైన మూడో క్వార్టర్‌లో, అంటే జూలై నుంచి సెప్టెంబర్ దాకా మూడు నెలల్లో, సౌత్‌వెస్ట్ 17 ఏళ్ల తర్వాత మొదటిసారి క్వార్టర్ నష్టం చూపించింది, కారణం ఆ హెడ్జింగ్ ఒప్పందాల విలువ తగ్గిపోవడమే. చమురు పెరిగితే కాపాడిన ఒప్పందమే, పడితే లెక్కల్లో నష్టంగా తేలింది. 2025లో ఆ కంపెనీ హెడ్జింగ్ మానేస్తున్నట్టు చెప్పింది. ఐర్లండ్ కంపెనీ ర్యాన్‌ఎయిర్ మాత్రం ఇప్పటికీ రాబోయే ఏడాది ఫ్యూయల్‌లో పెద్ద భాగానికి ముందే రేటు కట్టుకుంటుంది. ఏది మంచి పద్ధతి అంటే నేను ఒక మాట చెప్పలేను గానీ, మీరు కొనే కంపెనీ ఏ పద్ధతిలో ఉందో తెలియకుండా చమురు వార్తలు చదవడం మాత్రం దండగ. చమురు రేటు తగ్గిందని నేను సంబరపడిన రోజులున్నాయి, నా కంపెనీ ఆ క్వార్టర్ ఫ్యూయల్‌కి అంతకుముందే ఎక్కువ రేటు కట్టుకుని ఉందని తర్వాత తెలిసింది.

ఇక డాలర్ సంగతి. అమెరికా బయట నడిచే బడ్జెట్ ఎయిర్‌లైన్‌కి టికెట్ డబ్బు ఎక్కువగా సొంత కరెన్సీలో వస్తుంది, విమానాల లీజు, ఇంజిన్ రిపేర్లు, విడిభాగాలు మాత్రం డాలర్లలో కట్టాలి. పైగా 2019 నుంచి అంతర్జాతీయ అకౌంటింగ్ నియమాలు మారాయి, లీజుకి తీసుకున్న విమానాల మీద ముందు ముందు కట్టాల్సిన డబ్బంతా బ్యాలెన్స్ షీట్‌లో, అంటే కంపెనీ ఆస్తులూ అప్పులూ చూపించే పట్టికలో, అప్పుగా చూపించాలి. డాలర్ పెరిగితే ఆ అప్పు మొత్తానికీ కొత్త రేటు కట్టి, తేడాని ఆ క్వార్టర్ నష్టంలో వేస్తారు. ఒకసారి రిజల్ట్స్ వచ్చిన రాత్రి "భారీ నష్టం" అన్న హెడ్‌లైన్ చూసి నిద్రపట్టక, పొద్దున్నే మార్కెట్ తెరవగానే నా దగ్గరున్న షేర్లలో మూడో వంతు అమ్మేశాను. సాయంత్రం కూర్చుని రిజల్ట్స్ నోట్స్ చదివితే ఆ నష్టంలో పెద్ద భాగం ఈ డాలర్ సర్దుబాటే, ఆ క్వార్టర్‌లో చేతి నుంచి పోయిన డబ్బు కాదు. అలాగని దాన్ని ఉత్త కాగితం నష్టం అని తీసిపారేయనూ లేం, డాలర్ అక్కడే ఉండిపోతే వచ్చే ఏళ్లలో ఆ లీజు డబ్బు కొత్త రేటుకే కట్టాలి. ఇప్పుడు నేను రెండు అంకెలూ చూస్తాను, ఆ సర్దుబాటుతో కలిపి ఒకటి, అది తీసేసి ఒకటి.

మంచి చెప్పకపోతే అన్యాయం. ఈ సరుకులో మంచి ఉంది, అది మామూలు మంచి కాదు. 1971లో ఎగరడం మొదలుపెట్టిన సౌత్‌వెస్ట్, 1973 నుంచి 2019 దాకా వరసగా 47 ఏళ్లు ఏటా లాభం చూపించింది. ఒకే రకం విమానం, బోయింగ్ 737, కాబట్టి పైలట్ల ట్రైనింగ్ ఒకటే, విడిభాగాలు ఒకటే, దిగిన విమానం తొందరగా మళ్లీ ఎగరాలన్న పట్టుదల. విమానం నేల మీద ఉన్న ప్రతి గంటకీ లీజు నడుస్తూనే ఉంటుంది, టికెట్ డబ్బు మాత్రం ఎగిరితేనే వస్తుంది, ఈ వ్యాపారం కిటుకంతా దాదాపు ఈ ఒక్క మాటలో ఉంది. ఇండిగోనే తీసుకుంటే, 2006లో మొదలై 2015 నవంబర్‌లో 765 రూపాయల ఇష్యూ ధరతో మార్కెట్‌కి వచ్చింది. 2021-22లో 6,162 కోట్ల నష్టం, సరిగ్గా రెండేళ్ల తర్వాత 2023-24లో 8,172 కోట్ల లాభం. కంపెనీ అదే, వ్యాపారం అదే. ఆ నష్టం చూసి అమ్మినవాళ్లూ ఉన్నారు, ఆ నష్టంలో కూడా నగదు ఎంత మిగిలిందో చూసి ఉంచుకున్నవాళ్లూ ఉన్నారు. నా మొత్తం రివ్యూలో ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటారంటే, లాభం అంకె కంటే ముందు నగదు అంకె చూడండి అన్నదే ఆ మాట.

ఎందుకంటే ఎయిర్‌లైన్ దగ్గరున్న నగదంతా దానిది కాదు. మనం మూడు నెలల తర్వాత ప్రయాణానికి ఇవాళే డబ్బు కడతాం, ఆ డబ్బు కంపెనీ ఖాతాలో కనబడుతుంది. మంచి రోజుల్లో ఇది వడ్డీ లేని అప్పులాంటిది, ఎంతో కలిసొస్తుంది. 2020లో విమానాలు ఆగిపోయి జనం రీఫండ్ అడిగినప్పుడు అదే మెడకి చుట్టుకుంది. అందుకే నేను మొత్తం నగదులోంచి ముందే అమ్మిన టికెట్ల డబ్బు తీసేసి, మిగిలినదాన్ని నెల ఖర్చుతో భాగిస్తాను, ఇలా ఎన్ని నెలలు ఆగగలరు అని. నా షేరు విషయంలో ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు వచ్చిన జవాబు చూసి నాకు చెమటలు పట్టాయి. రెండు నెలలు కూడా లేదు.

అనుకున్నట్టే తర్వాత ఆ కంపెనీ కొత్త షేర్లు జారీ చేసింది, అప్పటి మార్కెట్ రేటు కంటే తక్కువకి. ఉన్న వాటాదారులకి కొనే హక్కు ఇచ్చారు, కానీ ఆ నెల నా దగ్గర విడిగా డబ్బు లేదు. నేను కట్టలేదు. కంపెనీ బతికింది, అందులో నా వాటా చిన్నదైపోయింది. ఎవరి మీదా కోపం లేదు, డబ్బు తేకపోతే కంపెనీ ఉండేది కాదు. కానీ కొనేటప్పుడు ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, అందుకే చెప్తున్నాను: ఎయిర్‌లైన్ షేరు కొంటే మళ్లీ డబ్బు అడుగుతారు అన్న లెక్కతోనే కొనాలి. బ్రిటన్‌లో ఈజీజెట్ లాంటి పేరున్న కంపెనీ కూడా 2021లో ఇలాగే, రైట్స్ ఇష్యూ అంటారు దీన్ని, 120 కోట్ల పౌండ్లు తెచ్చుకుంది.

ఇంతకంటే ఘోరమైనవి ఉన్నాయి. నార్వే కంపెనీ నార్వీజియన్ చవక టికెట్లతో అట్లాంటిక్ దాటించాలని విపరీతంగా అప్పు చేసింది. 2020లో బాకీలు తీర్చలేక ఆ అప్పునే షేర్లుగా మార్చింది, విమానాలు లీజుకిచ్చినవాళ్లూ బాండ్లు కొన్నవాళ్లూ యజమానులయ్యారు, పాత వాటాదారుల చేతిలో మిగిలింది సుమారు 5 శాతం. కంపెనీ ఇవాళ్టికీ ఎగురుతోంది. విమానం మీద పేరు అదే, పాత షేరు పట్టుకుని కూర్చున్న మనిషి సంగతే వేరు. "కంపెనీ మునగదులే, పెద్ద కంపెనీ" అని ధైర్యం చెప్పేవాళ్లతో నేను అనేది ఇదే, కంపెనీ మునగకపోవచ్చు, మన డబ్బు మునగొచ్చు, ఈ రెండూ వేర్వేరు.

అమెరికా బడ్జెట్ ఎయిర్‌లైన్ స్పిరిట్ కథ నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టింది, ఎందుకంటే అందులో చాలామంది చిన్న ఇన్వెస్టర్లు ఒక్క ఆశ మీదే కూర్చున్నారు. 2022లో జెట్‌బ్లూ అనే ఇంకో అమెరికా ఎయిర్‌లైన్ ఆ కంపెనీని షేరుకి 33.50 డాలర్ల లెక్కన, మొత్తం 380 కోట్ల డాలర్లకి కొంటానంది. మార్కెట్‌లో రేటు అంతకంటే బాగా తక్కువలో ఉంది, ఇప్పుడు కొంటే డీల్ అయ్యాక తేడా అంతా లాభమే అన్న లెక్క చాలా సులువుగా కనబడింది. 2024 జనవరి 16న కోర్టు ఆ విలీనం కుదరదంది. ఒక్కరోజులో షేరు దాదాపు సగం అయింది. అదే ఏడాది నవంబర్‌లో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, 2025 మార్చిలో బయటకొచ్చేసరికి పాత షేర్లు రద్దు. కొత్త షేర్లతో బయటకొచ్చిన కంపెనీ ఆగస్టులో మళ్లీ దివాలాకి వెళ్లింది. మధ్యలో రేటు బాగా పడ్డప్పుడు "ఇంత చవగ్గా ఉంది, ఇంకేం పడుతుంది" అని కొన్నవాళ్లు ఎందరో. చిన్న అంకె ఉన్న షేరు చవకైన షేరు కాదు. అప్పులవాళ్లందరికీ ఇచ్చాక మిగిలేది సున్నా అయితే, ఎంత తక్కువకి కొన్నా ఎక్కువ పెట్టి కొన్నట్టే. నేనూ పడుతున్న షేరుని యావరేజ్ చేస్తూ, అంటే తక్కువ రేటుకి ఇంకొన్ని కొని సగటు కొనుగోలు ధర తగ్గించుకుంటూ, రెండుసార్లు కొన్నాను, రెండోసారి కొనకుండా ఉండాల్సింది అని ఇప్పటికీ అనిపిస్తుంది.

కంపెనీ తప్పేమీ లేకుండా వచ్చే కష్టాలు కూడా ఉంటాయి, వాటికి సిద్ధపడాలి. 2019 మార్చిలో బోయింగ్ 737 మ్యాక్స్‌ని ప్రపంచమంతా నేల మీద కూర్చోబెట్టారు. 2023లో ప్రాట్ అండ్ విట్నీ తన కొత్త ఇంజిన్ల భాగాల తయారీకి వాడిన లోహపు పొడిలో లోపం ఉందని చెప్పింది, దాంతో ఇండిగో, విజ్ ఎయిర్, స్పిరిట్ లాంటివి మంచి విమానాల్ని ఇంజిన్ తనిఖీల కోసం పక్కన నిలబెట్టాల్సి వచ్చింది. ఒకే రకం విమానం ఉంటే ఖర్చు తక్కువ అని పైన మెచ్చుకున్నాను కదా, ఆ మెచ్చుకున్న గుణమే ఇక్కడ ఎదురు తిరుగుతుంది, ఆ ఒక్క రకానికి జబ్బు చేస్తే ఇల్లంతా పడకేసినట్టే. సిబ్బందిని మరీ బొటాబొటీగా పెట్టుకోవడం కూడా అంతే. 2025 డిసెంబర్‌లో పైలట్ల డ్యూటీ వేళల కొత్త నియమాల దగ్గర ఇండిగో తడబడి, ఒక్కరోజే వెయ్యికి పైగా ఫ్లైట్లు రద్దు చేసింది. 2022 డిసెంబర్‌లో సౌత్‌వెస్ట్ మంచు తుఫాను తర్వాత పాత సిబ్బంది షెడ్యూలింగ్ సిస్టమ్‌తో నెగ్గలేక 16 వేలకి పైగా రద్దు చేసింది. ఇవి రెండూ బలమైన కంపెనీలు. బలహీనమైనవాటికి ఇలాంటి వారం ఒక్కటి వస్తే చాలు.

ఓటు హక్కు గురించి కూడా ఒక మాట. చాలా దేశాల్లో ఎయిర్‌లైన్ మీద యాజమాన్యం సొంత దేశం వాళ్ల చేతిలోనే ఉండాలన్న చట్టాలుంటాయి. బ్రెగ్జిట్, అంటే యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటకొచ్చాక, 2021 జనవరి నుంచి, ర్యాన్‌ఎయిర్ యూరోపియన్ యూనియన్ బయటివాళ్ల షేర్లకి ఓటు హక్కు ఆపేసింది. బ్రిటన్‌లోని చిన్న వాటాదారుడు నిన్నటి దాకా ఓటరు, తెల్లారేసరికి కాదు. మనలాంటివాళ్ల ఓటుతో ఏం మారుతుంది అంటారా, అది నిజమే, కానీ కొన్న వస్తువులో ఒక భాగం తీసేస్తే రివ్యూలో రాయాలి కదా.

పెద్ద ఇన్వెస్టర్లని చూసి కొనడం గురించి అడుగుతారు. అమెరికాలో పేరుమోసిన ఇన్వెస్టరు వారెన్ బఫెట్ 1989లో యూఎస్‌ఎయిర్ అనే ఎయిర్‌లైన్‌లో డబ్బు పెట్టి అది తప్పని తానే ఒప్పుకున్నారు. మళ్లీ 2016లో ఆయన కంపెనీ సౌత్‌వెస్ట్‌తో సహా నాలుగు పెద్ద అమెరికా ఎయిర్‌లైన్లలో వాటాలు కొని, 2020 ఏప్రిల్‌లో అన్నీ అమ్మేసింది. అంత చదివిన మనిషికే ఈ రంగం రెండుసార్లు చుక్కలు చూపించింది. ఆయన కొన్నారని మనం కొనడమూ, అమ్మారని అమ్మడమూ రెండూ పనికిరావు, ఆయనకి పోయినా ఇంకా బోలెడు మిగులుతుంది.

ఇప్పుడు నేను వాడే పద్ధతి ఏమంటే, రోజూ రేటు చూడటం పూర్తిగా మానేశాను, యాప్‌లో అలర్ట్‌లు తీసేశాను, అదొక్కటే నా నిద్రని వెనక్కి తెచ్చింది. క్వార్టర్ రిజల్ట్స్ రోజున ఒక గంట కేటాయిస్తాను. సీటు-కిలోమీటరుకి, అంటే ఒక సీటుని ఒక కిలోమీటరు ఎగరేసినందుకు, రాబడి ఎంత, ఖర్చు ఎంత, ఫ్యూయల్ తీసేశాక ఆ ఖర్చు పోయినేడాది కంటే పెరిగిందా తగ్గిందా. ఫ్యూయల్ ఎవరి చేతిలోనూ లేదు, అది తీసేశాక మిగిలిన ఖర్చు మాత్రం మేనేజ్‌మెంట్ పనితనం. ఆ అంకె మూడు నాలుగు క్వార్టర్లు వరసగా పెరుగుతూ, టికెట్ రాబడి మాత్రం కదలకపోతే, వాళ్లు ఎన్ని కొత్త విమానాలు ఆర్డర్ చేశామని చెప్పినా నేను నమ్మను. విమానాల ఆర్డర్ అంటే గొప్ప వార్తలా ఉంటుంది గానీ అది కట్టాల్సిన బాకీ కూడా. ఇంకోటి, అందరూ ఒకేసారి విమానాలు పెంచుతున్నారా అని చూస్తాను. ఒకే రూటులో మూడు కంపెనీలు సీట్లు పెంచితే టికెట్లు చవకవుతాయి, ప్రయాణికురాలిగా నాకు హాయి, వాటాదారుగా అదే నాకు నష్టం.

రిజల్ట్స్ తర్వాత మేనేజ్‌మెంట్ ప్రశ్నలకి జవాబులు చెప్పే ఎర్నింగ్స్ కాల్ వినండి, లేదంటే దాని రాతప్రతి చదవండి. మొదట్లో సగం అర్థం కాదు, రెండు మూడు క్వార్టర్లు విన్నాక, పోయినసారి చెప్పిన మాటని ఈసారి ఎక్కడ దాటేశారో తెలిసిపోతుంది. వాట్సాప్ టిప్పుల్లో నాకు ఇంతవరకు ఒక్కసారి కూడా లీజు బాకీ అన్న పదం కనబడలేదు.

ఎవరికి పనికొస్తుంది అంటే, పోయినా ఇల్లు గడిచే డబ్బు ఉన్నవాళ్లకి, మొత్తం పెట్టుబడిలో చిన్న ముక్కగా. పిల్లల ఫీజులకో, పెళ్లికో దాచిన డబ్బు దీంట్లో పెట్టకండి, దయచేసి పెట్టకండి. నాకు తెలిసిన ఒకావిడ రిటైర్మెంట్ డబ్బులో సగం ఇలాంటి షేరులో పెట్టి, రోజూ ఫోన్ చేసి "ఇవాళ ఏమైనా పెరిగిందామ్మా" అని అడిగేవారు. ఆ గొంతు నాకు ఇంకా వినిపిస్తుంది. ఆవిడకి నేను ధైర్యంగా చెప్పగలిగింది ఏమీ లేకపోయింది.

నా సంగతి అంటారా, మొదట కొన్నవాటిలో మూడో వంతు ఆ రాత్రి హెడ్‌లైన్ చూసి అమ్మాను, ఇంకో మూడో వంతు పెట్టిన డబ్బు వెనక్కి వచ్చిన రోజున అమ్మాను. మిగిలినవి ఉంచుకున్నాను. నగదు లెక్క ఇప్పుడు రెండు నెలల నుంచి నాలుగు నెలలకి వచ్చింది, ఆరు దాటితే ఇంకొన్ని కొంటాను, మూడు కిందికి వస్తే ఉన్నవి కూడా ఇచ్చేస్తాను. వచ్చే నెల రిజల్ట్స్. ఇంజిన్ల కోసం నేల మీద ఉన్న విమానాలు ఎన్ని తగ్గాయో మొదట ఆ పేజీయే తెరుస్తాను, బావ కూడా ఈసారి అదే అడిగాడు.